గుహ ఎక్కడుందో ఎవరిని అడగాలి?

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నూజివీడులో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక ఉన్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆగస్టులో నూజివీడులో సభ పెడితే ఒక్కటే లోటు. కాయ అయిపోయింది. మే నెలలో అయితే చిన్న రసాలు జుర్రుకుంటూ వినేవాళ్లు, మేము ఎంతసేపు మాట్లాడినా సర్దుకునేవాళ్లు. ఇప్పుడు ఆ సౌకర్యం లేదు కాబట్టి తొందరగా విషయంలోకి వస్తాం.

ఈ రోజు ఒక గుహ గురించి మాట్లాడదామని వచ్చాం. ఆ గుహ ఎక్కడుందో ఖచ్చితంగా ఎవరూ చూపించలేదు. ఒక పాత యాత్రా గ్రంథంలో మాత్రం ఉంది. రాసినాయన హ్యూయన్ త్సాంగ్. ఏడో తరగతి సాంఘికంలో చదువుకున్నాం కదా, వీపున పుస్తకాల బుట్ట పెట్టుకున్న చైనా భిక్షువు బొమ్మ, ఆయనే. 629లో చైనా నుంచి బయల్దేరి 645లో తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు, అంటే 646లో, తాను చూసిన, విన్న దేశాలన్నిటి గురించి గ్రంథం సిద్ధం చేశాడు. మన వైపు 639 ప్రాంతంలో వచ్చాడు.

ఆయన మన దేశాన్ని 'అన్-త-లో' అని రాశాడు. అంటే ఆంధ్ర. రాజధాని పేరు 'పింగ్-కి-లో'. చైనా లిపిలో మన పేర్లు అలాగే అవుతాయి మరి. అది వేంగిపురం. ఏలూరు దగ్గరి పెదవేగి. ఇక్కడి నుంచి బండి మీద గంట దూరం లేదు. అక్కడి ధనమ్మ దిబ్బ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నూజివీడు, పెదవేగి, గుంటుపల్లి, బుట్టాయగూడెం అన్నీ ఏలూరు జిల్లా కిందికి వచ్చాయి. కాబట్టి ఇది మన జిల్లా కథే.

ఆయన రాసినదాని ప్రకారం రాజధాని దగ్గర అచలుడనే అర్హతుడు కట్టించిన పెద్ద సంఘారామం ఉంది. అక్కడి నుంచి నైరుతిగా సుమారు 20 లీల దూరం పోతే ఒంటరి కొండ, దాని మీద రాతి స్తూపం. దిఙ్నాగుడు తన తర్కశాస్త్రం రాసింది ఆ కొండ మీదేనట. లీ అంటే ఆ రోజుల లెక్కలో దాదాపు అర కిలోమీటరు. 20 లీలంటే 8 నుంచి 10 కిలోమీటర్లు.

ఇప్పుడు ఫోన్లు తీసి మ్యాప్ చూడండి. పెదవేగికి నైరుతిగా 10 కిలోమీటర్లు. ఏముంది? ఏలూరుకు పడమర పొలాలు, చేపల చెరువులు, ఇంకొంచెం కిందికి దిగితే కొల్లేరు. కొండ ఎక్కడ? బౌద్ధ గుహలున్న కొండ మనకు తెలిసింది ఒకటుంది, జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి. అది పెదవేగికి నైరుతి కాదు, ఉత్తరం. దూరం 10 కాదు, రెండింతల పైనే.

అదే దిఙ్నాగుడి కొండ అనుకోవాలని మనకూ ఉంటుంది. జిల్లాకు పేరొస్తుంది, బస్సులొస్తాయి. అలా అనాలంటే దిక్కు మార్చాలి, దూరం మార్చాలి, రాజధాని దగ్గరే ఉందన్న సంఘారామాన్ని ఇంకో చోటికి జరపాలి. పాత గ్రంథం పట్టుకుని చోటు వెతికేవాళ్లకు మేము చెప్పే లెక్క ఒకటే. మీరు చూపించే చోటుకు సరిపోవాలంటే గ్రంథంలో ఎన్ని మాటలు దిద్దాల్సి వస్తుందో లెక్కపెట్టండి. ఒకటి దిద్దితే పోనీ అనుకోవచ్చు. లేఖకుల చేతిలో దిక్కులు తారుమారు కావడం కొత్త కాదు. మూడు దిద్దాల్సి వస్తే ఆ కొండ మీరు కోరుకున్న కొండ, రాసినాయన చూసిన కొండ కాదు.

ఇది కొండ సంగతి. గుహ సంగతి ఇంకా బాగుంటుంది.

వేంగి నుంచి ఆయన దక్షిణంగా ధాన్యకటక దేశానికి వెళ్లాడు. ఆ నగరానికి తూర్పున కొండనానుకుని పూర్వశైల విహారం, పడమర అపరశైల విహారం ఉన్నాయన్నాడు. దక్షిణంగా కొద్ది దూరంలో పెద్ద కొండచరియ. ఆ చరియ లోపల భావవివేకుడు ఉన్నాడని రాశాడు. చూడండి, ఉండేవాడని కాదు. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా లోపలే ఎదురుచూస్తున్నాడని.

కథ ఇది. భావవివేకుడు గొప్ప పండితుడు. తన సందేహాలు తీర్చగలిగేది రాబోయే బుద్ధుడు మైత్రేయుడే అనుకున్నాడు. ఆయన వచ్చేదాకా బతికుండాలి. అన్నపానాలు మాని అవలోకితేశ్వరుడి ముందు జపం చేశాడు. ధాన్యకటకానికి దక్షిణాన ఉన్న చరియ దగ్గరికి వెళ్లి వజ్రపాణి మంత్రం జపించమని ఆయన చెప్పాడు. వెళ్లి ఏళ్ల తరబడి జపించాడు. ఆ రాతి లోపల అసురుల భవనం ఉందనీ, విధిగా అడిగితే తెరుచుకుంటుందనీ వజ్రపాణి చెప్పాడు. భావవివేకుడు మంత్రించిన ఆవాలు తీసి రాతి మీద కొట్టాడు. రాయి తెరుచుకుంది. చుట్టూ జనం గుంపుగా చూస్తున్నారు. గడప దాటి, మీరూ రండి, కలిసి ఎదురుచూద్దాం అని పిలిచాడు. అది విషసర్పాల పుట్ట, పోతే చస్తాం అని జనం వెనక్కి తగ్గారు. మళ్లీ పిలిచాడు. చివరికి ఆరుగురే వెంట వెళ్లారు. రాయి మూసుకుంది. బయట మిగిలినవాళ్లు అప్పుడు బాధపడ్డారు.

హ్యూయన్ త్సాంగ్ వచ్చేసరికి రాయి మూసే ఉంది. ఆయన చూసింది చరియ, విన్నది కథ. కథ చెప్పిందెవరు? అక్కడివాళ్లే. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇక వెతుకులాట. స్టానిస్లాస్ జూలియన్ 1857, 58లలో ఆ గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1884లో శామ్యూల్ బీల్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. పుస్తకం చేతికి రాగానే మన దేశంలో ఉన్న ఇంగ్లీషు అధికారులకు, పండితులకు ఒక పిచ్చి పట్టింది. పుస్తకం పట్టుకుని ఊరూరూ పోల్చడమే పని. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1871 నాటి పుస్తకంలో ధాన్యకటకం అంటే అమరావతి పక్కనున్న ధరణికోట అన్నాడు. జేమ్స్ ఫెర్గూసన్ ఒప్పుకోలేదు, బెజవాడ అన్నాడు. ఆయన వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. బెజవాడలో ఊరికి తూర్పునా కొండే, పడమరా కొండే. మొగల్రాజపురం గుహలున్నాయి, ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. కృష్ణ దాటితే ఉండవల్లి. ధరణికోట దగ్గర నిలబడి చూస్తే చుట్టూ చదును. తూర్పు కొండ ఎక్కడ, పడమటి కొండ ఎక్కడ, దక్షిణపు చరియ ఎక్కడ?

కానీ అమరావతి రాళ్ల మీద ధాన్యకటకం పేరు చెక్కి ఉంది. శాసనంలో పేరుంటే ఊరి విషయంలో వాదన దాదాపు ముగిసినట్టే. కాబట్టి నగరం ధరణికోట వైపు తేలింది, గుహ మాత్రం తేలలేదు. నగరాన్ని ఒప్పుకుంటే చరియ దొరకదు. చరియ కోసం బెజవాడ పోతే నగరం పేరు కుదరదు. ఇన్నేళ్లయినా భావవివేకుడి తలుపు ఇదీ అని వేలు పెట్టి చూపించేలా రుజువు రాలేదు. మాకైతే అది మంచిదే అనిపిస్తుంది. రుజువు లేకుండా బోర్డు పెట్టి టిక్కెట్టు పెట్టడం కన్నా నయం.

వెతికితే దొరికిన సందర్భం కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా వృథా అనుకుంటారు. అదే గ్రంథంలో మహారాష్ట్ర దేశంలో ఒక కొండ విహారం గురించి ఉంది. అచలుడనే అర్హతుడు కట్టించాడనీ, ద్వారం బయట రాతి ఏనుగులున్నాయనీ రాశాడు. అజంతాలో 16వ గుహ మెట్ల దారి దగ్గర రెండు ఏనుగులున్నాయి. 26వ గుహ శాసనంలో స్థవిర అచలుడి పేరుంది. గ్రంథంలో ఒక్క మాట దిద్దే పని లేదు. కుదరడమంటే అలా కుదరాలి.

అజంతా పేరెత్తాం కాబట్టి ఇంకో సంగతి. 1819లో మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ అనే అధికారి పులి వేటకు వెళ్లి ఆ గుహలు 'కనిపెట్టాడు' అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ అడవి భిల్లులు తిరిగే అడవి. అక్కడివాళ్లకు ఆ గుహలు తెలియకుండా ఏనాడూ లేవు. స్మిత్ తన పేరును, తేదీని బొమ్మ మీదే గీకి వెళ్లాడు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. దారి చూపినవాళ్ల పేరు ఏ గోడ మీదా లేదు.

మన గుంటుపల్లి కూడా అంతే. రాబర్ట్ సీవెల్ 1882లో మద్రాసు రాజధానిలోని పురాతన స్థలాల జాబితాలు అచ్చువేశాడు. అలెగ్జాండర్ రే వంటివాళ్లు తవ్వకాలు, కొలతలు చేశారు. మంచి పనే. వాళ్లు రాకపోతే ఆ ఇటుకలు ఎవరి ఇళ్లకో పోయేవి. కానీ వాళ్లు వచ్చేనాటికి ఆ కొండ ఏం ఖాళీగా లేదు. గుండ్రటి గుహలో, పైకప్పుకు చెక్క వాసాల్లాగా రాతిలో చెక్కిన ఆ గుహలో, నడుమ ఉన్న స్తూపాన్ని చుట్టుపక్కలవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుచుకుంటున్నారు. పురావస్తు శాఖకు అది చైత్యం, ఊళ్లోవాళ్లకు ధర్మలింగేశ్వరుడు. అక్కడి శాసనాల్లో ఆ కొండ పాత పేరు ఇంకొకటి ఉంది, మహానాగపర్వతం. మూడు పేర్లు, రాయి ఒకటే.

నూజివీడు వాళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు. పుస్తకంలో తోతాపురి అని ఉంటుంది. పుస్తకం పట్టుకొచ్చి ఇక్కడ తోటలో తోతాపురి ఎక్కడ అంటే ముసలాయన మొహం చూస్తాడు. కలెక్టర్ కాయ అంటే చెట్టు దగ్గరికి తీసుకెళ్తాడు. గుహల వెతుకులాటలో సగం పని ఇదే. చెట్టు అక్కడే ఉంది, అడిగే పేరు వేరు.

మన గూడేల్లోనూ అంతే. పెద్దమ్మ దగ్గరికెళ్లి "ఇక్కడ గుహలున్నాయా అవ్వా?" అని అడగండి, లేవంటుంది. "వాన ముంచుకొస్తే మేకల్ని ఎక్కడికి తోలేవాళ్లు?" అని అడగండి. "గబ్బిలాలు సాయంత్రం ఎటు నుంచి లేస్తాయి? ఎండాకాలంలో కూడా రాతి కింద నీళ్లు ఊరే చోటు ఏది? పులిని చూసి తాత ఎక్కడ దాక్కున్నాడు?" అని అడగండి. మాటల మీద మాటలొస్తాయి. దారి కూడా వస్తుంది, ఇన్ని లీలు అన్నట్టు కాదు, చుట్ట కాల్చేంత దూరం, ఒక కేక దూరం అని. నవ్వకండి. రాసుకోండి. హ్యూయన్ త్సాంగ్ కూడా అలా విన్నవే రాసుకున్నాడు, తర్వాత లీలు కట్టాడు.

బుట్టాయగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ తల్లి ఉంది. మీలో చాలామంది వెళ్లినవాళ్లే. రాతి గుహలో అమ్మవారు, పై నుంచి నీటి చుక్కలు. తరాలుగా గూడేలవాళ్లు కొలుచుకున్న తల్లి. ఆ గుహను ఏ యాత్రికుడూ కనిపెట్టాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు వారాంతాల్లో కార్ల వరస చూశారా? తర్వాత వాగులో ప్లాస్టిక్ గ్లాసులు చూశారా? కాబట్టి దొరికిన ప్రతి గుహనూ వీడియో తీసి లొకేషన్ పెట్టేయాలన్న ఉత్సాహం మీకుంటే కాస్త ఆగండి. గుప్తనిధుల ముఠాలు మ్యాపులు మనకంటే బాగా చూస్తాయి. ఏ చోటు బయటికి చెప్పాలో, ఏది గూడెం లోపలే ఉండాలో గూడెం పెద్దలు, గ్రామసభ కూర్చుని తేల్చాలి. ఆ మాట దాటి ఎవరూ పోవద్దు, మేము కూడా పోము.

ఇంకో వైపు మాట కూడా అనాలి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. మన సమావేశాల్లో ఈ మధ్య, గుంటుపల్లి గుహలు మన తాతలే తొలిచారు అని మైకులో చెప్పడం మొదలైంది. తొలిచినవాళ్లెవరో ఆ రాళ్లు చెప్పవు. శాసనాల్లో రాజులు, భిక్షువులు, దాతలు, ఒక లేఖకుడు ఉన్నారు. ఉలి పట్టినవాళ్ల పేర్లు లేవు. మన తాతలై ఉండొచ్చు, కాకపోవచ్చు. రుజువు లేనిది గట్టిగా చెబితే, రేపు రుజువున్నది చెప్పినప్పుడు కూడా మనల్ని నమ్మరు. రుజువున్నవి మన దగ్గర చాలానే ఉన్నాయి, వాటినే రాయడం లేదు.

ఆ రాతపని గురించే అసలు ఇంత దూరం వచ్చాం.

కుకునూరు, వేలేరుపాడు, పోలవరం మండలాల్లో గోదావరి ఒడ్డు కోయ గూడేలు, కొండరెడ్ల గూడేలు పోలవరం ముంపులో ఖాళీ అవుతున్నాయి. ఈ సభలోనే పునరావాస కాలనీల నుంచి వచ్చిన పిల్లలున్నారు. కాలనీలో వీధికి నంబరుంటుంది, ఇంటికి నంబరుంటుంది. వదిలొచ్చిన చోట ప్రతి రాయికి పేరుంది. ఏ మలుపులో వేల్పులను నిలిపేవాళ్లో, ఏ రేవులో పడవ కట్టేవాళ్లో, ఏ చరియ కింద వరద వచ్చినప్పుడు ధాన్యం దాచేవాళ్లో మీ తాతలకు తెలుసు. మీకు తెలుసా? మీ తమ్ముడు కాలనీలోనే పుట్టాడు, వాడికెలా తెలుస్తుంది? ధాన్యకటకం చరియను వెతికేవాళ్లకు కనీసం ఒక పుస్తకం ఉంది, కొండలు నేల మీదున్నాయి. నీటి కిందికి పోయే చోటుకు పుస్తకం కూడా లేకపోతే వెతకడానికి పట్టుకునేది ఏమీ ఉండదు.

ముంపులో లేని గూడేలకు కూడా ఇది పుణ్యానికి చేసే పని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం ఉంది. హక్కుకు సాక్ష్యంగా ఏమేమి చూపవచ్చో అందులో ఉంటుంది. హక్కు కోరేవాళ్లు కాక వేరే పెద్దలు చెప్పిన మాట, కాగితం మీద రాసింది, సాక్ష్యమే. సామూహిక హక్కులకైతే దుంపలు, కాయలు ఏరుకునే చోట్లు, నీటి వనరులు, పవిత్రమైన చెట్లు, వనాలు, శ్మశానాలు, స్థానికులు కట్టినవాటి అవశేషాలు కూడా లెక్కలోకి వస్తాయి. అంటే, వానకు మేకల్ని తోలిన రాతి చాటు గురించి అవ్వ చెప్పింది కథగా వింటే కథ. తేదీ వేసి, ఆమె పేరు రాసి, వేలిముద్ర పెట్టించి, గ్రామసభ ముందు చదివితే అది కాగితం. దరఖాస్తు తిరస్కరణకు గురైందని తిరుగుతున్న కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఫైళ్లలో పెద్దల వాంగ్మూలం అని రెండే రెండు లైన్లు ఉంటున్నాయి, అందరికీ ఒకే రెండు లైన్లు. ఎవరో ఒకరు రాసి అందరికీ జిరాక్సు తీసినవి. అలాంటి వాంగ్మూలం ఎవరిని నమ్మించగలదు?

ఏం రాయాలో చెబుతాం, పెద్ద పట్టిక ఏమీ కాదు. చోటు పేరు మీ ఇంట్లో ఏ భాషలో పలుకుతారో ఆ భాషలో, తెలుగు లిపిలో. కోయ మాటను తెలుగు మాటగా మార్చొద్దు. లంబాడీ తమ్ముళ్లు తండా పేర్లకు, యానాది, ఎరుకల పిల్లలు చెరువు గట్ల, వాగుల పేర్లకు ఇదే చేయండి. మనలో కొందరికి కొండల్లేకపోయినా పేర్లు లేకుండా లేవు. చెప్పినవాళ్లు ఎవరు, వాళ్లకు ఎవరు చెప్పారు. ఎటు నుంచి బయల్దేరితే ఏ చేతి వైపు, ఏ చెట్టు దగ్గర మలుపు. చెట్టు పోతుంది కాబట్టి పక్కనే బండరాయిని కూడా రాయండి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పొద్దు. తర్వాత వచ్చేవాళ్లకు ఆ తేడాయే పనికొస్తుంది. ఐఐఐటీలో చదివే మన పిల్లలు ఫోన్లో జీపీఎస్ అంకెలు తీసుకోండి, కానీ అవి వేరే పుస్తకంలో, గ్రామసభ దగ్గరే ఉండాలి.

లోపలికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వద్దు. రెండు టార్చిలు. గుంటుపల్లి కొండ కూడా తేనెపట్లు చూసుకుని ఎక్కాల్సిందే, అడవిలో చరియల సంగతి చెప్పక్కర్లేదు. భావవివేకుడి వెంట వెళ్లనివాళ్లు పాముల భయంతో ఆగిపోయారు కదా. వాళ్లను పిరికివాళ్లని కథ అంటుంది. మాకు మాత్రం వాళ్ల మీద గౌరవమే. ఆ కథ హ్యూయన్ త్సాంగ్ దాకా వచ్చిందంటే బయట ఉండిపోయినవాళ్లు చెప్పుకోబట్టే. లోపలికెళ్లిన ఏడుగురూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తవ్వకాలు మాత్రం ఎవరూ చేయొద్దు. గుంటుపల్లి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. మిగతా చోట్ల కూడా నాణెం దొరికినా, కుండ దొరికినా ఎక్కడిదక్కడ ఉంచి ఫొటో తీసి ఊరి పెద్దకు చెప్పండి. నేలలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది, అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. పిల్లల ఉత్సాహం కేసుల దాకా పోకూడదు.

నోటు పుస్తకాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. గూడేనికి ఒకటి, తండాకు ఒకటి. తీసుకునేవాళ్లు పేరు, ఊరు రాసి తీసుకోండి. ఒక ప్రతి మీ గ్రామసభ దగ్గర, ఒక ప్రతి సంఘం దగ్గర ఉంటుంది. వచ్చే ఆదివారం పెదవేగి, గుంటుపల్లి వెళుతున్నాం. పొద్దున ఆరింటికి నూజివీడు బస్టాండు దగ్గర కలుద్దాం. అన్నం కట్టుకుని రండి, నీళ్లు తెచ్చుకోండి, చెప్పులతో రావొద్దు. మీ ఇళ్లలో నడవగలిగిన పెద్దవాళ్లుంటే వెంట తీసుకురండి, వాళ్లకు బండిలో ముందు సీట్లు ఉంచుతాం.